నారాయణ భార్య బిందుమాధవి

"నారాయణ ఎవడే?"

సుబ్బరావమ్మ వేసిన ఆ కేకకి గేటు ముందున్న నూటపది మంది ఆడవాళ్లూ పగలబడి నవ్వారు.

నిజానికి అది నవ్వే వేళ కాదు. పెదకాకాని దాటాక హైవే పక్కనున్న ఆ మిర్చి కోల్డ్ స్టోరేజికి తాళం పడి అప్పటికి తొమ్మిదో రోజు. లోపల షెడ్డులో టిక్కీలనే గోనె బస్తాల నిండా మిరపకాయలు తొడిమలతోనే పడి ఉన్నాయి. ఆ తొడాలు తీసే ఆడవాళ్లు బయట టెంటు కింద ఉన్నారు. సంఘంలో లేమని కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్లకే గేటు తీస్తానన్నాడు షావుకారు. ఒక్కరూ వెయ్యలేదు. సంఘంలో చేరింది నలభై మూడు మందే. కానీ ఆ నలభై మూడు మంది ఎవరో షావుకారుకి తెలియదు, మేస్త్రీ ఆదెయ్యకీ తెలియదు. చేరినవాళ్లూ చేరనివాళ్లూ ఒకే టెంటు కింద ఒకే కుండలో నీళ్లు తాగుతూ కూర్చుంటే ఎవరిని పీకెయ్యాలో వాళ్లకి పాలుపోలేదు. రంగు తప్పిన తాలుకాయల్ని ఏరి అవతల పారేసినట్టు పారెయ్యడానికి వీల్లేకుండా కలిసిపోయి కూర్చోవడమే ఆ ఆడవాళ్ల బలం.

ఆ బలం ఇవాళ పొద్దున పదింటికి పోయింది. ఆదెయ్య వచ్చి గేటుకి ఒక కాగితం అంటించాడు. కంప్యూటర్లో కొట్టించిన పేర్లు. నలభై మూడు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

"సాయంత్రం నాలుగింటిదాకా టైము" అన్నాడు ఆదెయ్య, బల్ల వేయించుకుని ఇంకు ప్యాడు ముందు పెట్టుకుని. "ఇందులో పేర్లున్నోళ్లు కూడా సంఘం మానేశామని వేలేస్తే కొట్టేస్తాం. వెయ్యకపోతే ఈ కాయితం రేపు గుంటూరులో ఉన్న అన్ని షెడ్లకీ పోద్ది. ఇక మీరు మిరపకాయ ముట్టుకునేది మీ ఇంట్లో పచ్చట్లోకే."

పదో తరగతిదాకా చదివింది సఫూరా ఒక్కతే. అందుకని అందరూ కలిసి ఆమెను ముందుకు తోశారు. ఆమె ఒక్కో పేరే చదువుకుంటూ వచ్చింది. పేరు వినపడిన ప్రతి మనిషీ చెంగు నోట్లో కుక్కుకుంటోంది. నలభై రెండో పేరు దగ్గరికి వచ్చేసరికి, "బిందుమాధవి, భర్త నారాయణ" అని చదివింది. అప్పుడు వేసింది సుబ్బరావమ్మ ఆ కేక. బిందుమాధవి మొగుడు లక్ష్మీకాంత్ అని అక్కడ అందరికీ తెలుసు.

"ఏమే బిందూ, మాకు చెప్పకుండా రెండో పెళ్లి చేసుకున్నావటే?"

"పప్పన్నం ఎగ్గొట్టిందమ్మా!"

చంకలో ఆరు నెలల బిడ్డతో బిందుమాధవి కూడా నవ్వింది. తొమ్మిది రోజుల ఆకలి, భయం, ఎండ అన్నీ ఆ నవ్వులో కొట్టుకుపోతున్నట్టే అనిపించింది.

ఆదెయ్య మటుకు నవ్వలేదు. కాగితం వైపు చూశాడు, బిందుమాధవి వైపు చూశాడు. పాతికేళ్ల నుంచి ఆడవాళ్లతో పనిచేయించుకుంటున్న మనిషి. పుల్ల ఎక్కడ పెట్టాలో తెలుసు.

"నువ్వు లోపలికి రామ్మాయ్" అన్నాడు మెత్తగా. "ఇందులో ఉన్నది నారాయణ పెళ్లాం. నువ్వు లక్ష్మీకాంత్ పెళ్లానివి. నీకూ దీనికీ సంబంధం లేదు. వేలు కూడా వెయ్యక్కర్లా. రా."

నవ్వు ఆగిపోయింది.

సుబ్బరావమ్మ బిందుమాధవి వైపు మెల్లగా తిరిగింది. సంఘానికి పెద్ద దిక్కు ఆమే. యాభై ఏళ్ల మనిషి, మగవాళ్లు కూడా ఎదురు మాట్లాడటానికి జంకే నోరు.

"అవునే! అందరి మొగుళ్ల పేర్లూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి. నీ ఒక్కదాని పేరే ఎందుకు తప్పింది?"

"నాకేం తెలుసు పిన్నీ?"

"నీకు తెలీదా? పేర్లు ఎవరిచ్చారో వాళ్లే తప్పించుకోడానికి దారి పెట్టుకున్నారు. అంతేగా? మా మెడకి ఉరేసి నువ్వు సందులోంచి జారుకుందామనా?"

"పిన్నీ, నా బిడ్డ మీద ఒట్టు..."

"బిడ్డ మీద ఒట్లేసేవాళ్లని శానామందిని చూశా."

సఫూరా ఇంకా గేటు దగ్గరే ఉంది. కాగితం మీద వేలు అలాగే ఉంది. ఆమె మళ్లీ పైనుంచి చదువుతోంది, ఈసారి లోలోపల. మొదట సుబ్బరావమ్మ, తర్వాత మల్లేశ్వరి, తర్వాత ముగ్గురు కోటేశ్వరమ్మలు... ఆ వరస ఆమెకు తెలుసు. నారాయణ ఎవరో కూడా తెలుసు. ఈ ప్రపంచంలో ఆ నారాయణని పుట్టించింది ఆమే.

"ఇప్పుడే వస్తా పిన్నీ. మూడింటికల్లా ఇక్కడుంటా. నేనొచ్చేదాకా దాన్నేం అనబాకండి" అని, జవాబు కోసం ఆగకుండా ఇంటి వైపు పరుగులాంటి నడక అందుకుంది.

* * *

నెల కిందట ఒక శుక్రవారం, షెడ్డుకి సెలవు. ముందు రోజు బిందుమాధవి బిడ్డకి పాలిస్తే, బిడ్డ మూతి కాలినట్టు ఎర్రబడి గుక్కపట్టి ఏడ్చింది. పొద్దుటి నుంచి తొడాలు తీసిన చెయ్యి. చెంగుకి ఎంత తుడిచినా పోదు ఆ కారం. షెడ్డులో కుళాయి లేదు. కుళాయి పెట్టించమని అడిగితే "మిర్చి దగ్గర నీళ్లేంటమ్మా, కాయ బూజు పట్టదూ?" అన్నాడు షావుకారు. మరుగుదొడ్డి మాట ఎత్తితే ఆదెయ్య పళ్లికిలించి "ఇంతకాలం ఎట్లా పోయారో అట్లానే పోండి" అన్నాడు. కారం చేతులతో గడ్డివాముల చాటుకి పోయి వచ్చే ఆడదాని బాధ ఎలా ఉంటుందో వాడికి ఎవరు చెప్పగలరు? దాహమేసినా నీళ్లు తాగకుండా పొద్దుగూకిందాకా ఒళ్లు బిగబట్టుకుని కూర్చునే విద్య నూటపది మందికీ వచ్చు. ఆ సాయంత్రమే సుబ్బరావమ్మ "సంఘం పెడదామే" అంది. గుంటూరు బ్రాడీపేటలో రెండు గదుల ఆఫీసు నడిపే యూనియన్ నాయకుడు ఇమ్మానియేలు గారు సరేనన్నారు. సభ్యుల పేర్లు రాసుకు రమ్మన్నారు. సుబ్బరావమ్మలు ఇద్దరు, కోటేశ్వరమ్మలు నలుగురు ఉన్నారు కాబట్టి భర్తల పేర్లు కూడా ఉండాలన్నారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా. అంటే ఆయుష్షు తగ్గుతుంది, కళ్లు పోతాయి, ఇంకా ఏవేవో అవుతాయి. ఒక్కొక్కతే సఫూరా గుమ్మంలోకి వచ్చి పొడుపు కథ వేసింది. "శివుణ్నీ రాముణ్నీ కృష్ణుణ్నీ ఒకే కాడికి కట్టు, ఆయనే" అంది సుబ్బరావమ్మ. శివరామకృష్ణ అని రాసుకుంది సఫూరా. "బైబిల్లో నోరు పడిపోయినాయన" అంది ఇంకొకామె. సఫూరా తెల్లమొహం వేస్తే, వెనక నిలబడ్డ ఆమె "జక్రయ్యలే" అని అందించింది. అదే పద్ధతి. ఒకామె మొగుడి పేరు ఇంకొకామె అనొచ్చు, తప్పులేదు. ఆ పొద్దు ఆ గుమ్మంలో ఎంత నవ్వారో! చివర్లో, అందరూ వెళ్లిపోయాక, ఏడుస్తున్న బిడ్డనెత్తుకుని బిందుమాధవి ఒక్కతే వచ్చింది. "లక్ష్మీదేవి పెనిమిటి" అని చెప్పి, బిడ్డని ఊపుకుంటూ పరుగున వెళ్లిపోయింది. పేరు అందించడానికి పక్కన ఎవరూ లేరు. బిందుమాధవిని షెడ్డులో చూడటమే తప్ప ఆమె ఇల్లెక్కడో, మొగుడెవరో సఫూరాకి అప్పటికి తెలియదు. సఫూరా ముస్లిం నూర్‌బాషాల ఇంటి పిల్ల. లక్ష్మీదేవి మొగుడు ఎవరని ఒక నిమిషం ఆలోచించి, బళ్లో విన్న కథలు గుర్తు తెచ్చుకుని, నారాయణ అని రాసింది. ఆ కింద, నలభై మూడోదిగా, తన పేరు, తన మొగుడి పేరు. రాయొచ్చు. పలకకూడదు, అంతే.

మర్నాడు బ్రాడీపేట ఆఫీసులో రిజిస్టరుకి ఎక్కించేటప్పుడు బిందుమాధవి రేషను కార్డు తెచ్చింది. దాంట్లో లక్ష్మీకాంత్ అని ఉంటే సఫూరా తనలో తనే నవ్వుకుని, నారాయణ మాట ఎవరికీ చెప్పకుండా సరిగ్గా రాసింది. అక్షరాల వరసలో పేర్లు సర్దారు. ఆ రిజిస్టరు ఇమ్మానియేలు గారి బీరువాలో ఉంది. దాంట్లో నారాయణ లేడు.

నారాయణ ఉన్నది ఒక్కచోటే. సఫూరా తన ఇంట్లో, గిన్నెల గూట్లో పరిచిన పాత పేపరు కింద మడిచిపెట్టిన కాగితంలో.

అప్పుడే చించి పొయ్యిలో పెట్టాల్సింది. ఎందుకు పెట్టలేదు? నడుస్తూ తనని తాను తిట్టుకుంది. పెట్టబుద్ధి కాలేదు, అదీ నిజం. పదో తరగతి పరీక్ష రాసిన తర్వాత పదిహేడేళ్లలో ఆమె చేత్తో చేసిన పనులేవీ మర్నాటికి మిగల్లేదు. వండింది తింటారు, ఉతికింది మాపుతారు, అలికింది తొక్కుతారు, తొడిమ తీసిన కాయ ఏ దేశానికో పోతుంది. మిగిలింది ఆ ఒక్క కాగితమే. అప్పుడప్పుడూ గిన్నె తీసే నెపంతో పేపరు ఎత్తి చూసుకునేది. నలభై రెండు మంది ఆడవాళ్లు తనను నమ్మి చెప్పిన పేర్లు. తన చేతిరాత అంత బాగుంటుందని అప్పటిదాకా తనకే తెలియదు.

"ఇంట్లో కూర్చుని అన్నం వండుకునేదానికి సంఘమేందే?" అనేవాడు మొగుడు. ఆమె ఇంట్లో ఎప్పుడు కూర్చుంది? తెల్లవారుజామున నాలుగింటికి లేచి వండి పెట్టి మరీ షెడ్డుకి వెళ్తుంది. ఎందుకంటే సాయంత్రం వచ్చాక ఆ చేత్తో వండితే ఆయనగారు తినడు. "నీ చెయ్యి తగిలితే పెరుగన్నం కూడా మండుద్ది" అంటాడు. ఆ చెయ్యి తెచ్చిన కూలితో కొన్న బియ్యం మాత్రం ఎప్పుడూ మండలేదు.

* * *

గూట్లో పేపరు ఉంది. కింద కాగితం లేదు.

అత్త జోహరాబీ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. ఆమె కూడా ఇరవై ఏళ్లు తొడాలు తీసిన మనిషే. చూపుడువేలూ బొటనవేలూ ఇప్పటికీ నల్లగా బెరడు కట్టి ఉంటాయి.

"అత్తా, గూట్లో కాయితం ఎవరు తీశారు?"

"ఏం కాయితం?"

"నీకు తెలుసు ఏం కాయితమో."

చేట ఆగింది. జోహరాబీ తల ఎత్తలేదు. "నేనివ్వలా" అంది.

"నువ్విచ్చావని నేననలేదుగా?"

"నువ్వనవు. వాళ్లంటారు. ముసిల్ది, కోడలి మీద కడుపుమంటతో ఇచ్చిందంటారు. అత్త మీద ఏం చెప్పినా జనం నమ్ముతారమ్మాయ్. నలభై ఏళ్ల నుంచి చూస్తన్నా." చేటలోంచి ఒక రాయి ఏరి పారేసి మళ్లీ అంది. "వాడే తీశాడు. నాలుగు రోజులైంది. తీస్తుంటే చూశా. అడిగితే, దాని మంచికేలే అన్నాడు."

సఫూరా గోడకి ఆనుకుంది. తెలుసు. గేటు దగ్గరే తెలుసు. అయినా పరుగెత్తుకొచ్చింది, తెలిసింది తప్పవుతుందేమోనని.

బయట ట్రాలీ ఆటో ఆగిన చప్పుడు. జాన్ బాషా పాట కూనిరాగం తీసుకుంటూ లోపలికొచ్చాడు. మూడు రోజులుగా పొదిలి కిరాయి అని చెప్పి పొద్దున్నే వెళ్తున్నాడు, మధ్యాహ్నం మంచి హుషారుగా వస్తున్నాడు. అంత దూరం పొదిలి పోయినవాడు పన్నెండింటికల్లా అన్నానికి ఎలా వస్తున్నాడని ఆమె అడగలేదు. అడగకపోవడం కూడా కాపురంలో ఒక పనే. జీతం లేని పని.

"అన్నం పెట్టవే. ఏం, అట్లా నిలబడ్డావ్?"

"కాయితం ఎవరికిచ్చావు?"

అతను తల్లి వైపు చూశాడు. జోహరాబీ చేట తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

"ఆదెయ్యకి" అన్నాడు, ఏదో ఉల్లిపాయలు ఎవరికిచ్చావని అడిగినట్టు. "ఇస్తే తప్పేంది? నీ పేరు తీసేస్తామని మాటిచ్చి తీసుకున్నారు. తీసేశారా?"

"నలభై మూడోది నాదే."

జాన్ బాషా మొహం మారింది. "మాట తప్పారా నా కొడుకులు! ముందే గట్టిగా చెప్పానే. మా దాన్ని తీసెయ్యండి, మిగతావాళ్లని మీ ఇష్టం అన్నాను." నిజంగానే మండిపడుతున్నాడు. తనకి జరిగిన మోసం గురించి, తనకే. మిగతావాళ్లు మీ ఇష్టం అన్న మాట తన నోట్లోంచే వచ్చిందని అతనికి వినపడను కూడా లేదు.

"పొదిలి కిరాయో?"

"పొదిలి లేదు, గిదిలి లేదు. వెనక గేటు నించి టిక్కీలు తోలుతున్నా. పక్కూళ్లో ఇళ్లకిచ్చి తొడాలు తీయిస్తున్నారు. సీజనంతా నా బండికే లోడు. ఎవరి కోసం? ఈ ఇంటి కోసం కాదూ?" గొంతు పెంచాడు. "మీరు రోడ్డు మీద కూర్చుని పాటలు పాడితే పొయ్యి వెలుగుద్దా? ఇప్పుడే పోయి వేలెయ్యి. అయిపోద్ది."

"నాకు సంతకం వచ్చు."

"ఏందే?"

"నాకు సంతకం వచ్చంటన్నా. వేలెందుకేస్తా?"

అతనికి కోపం రావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలోనే ఆమె చెప్పాల్సింది చెప్పేసింది. "అక్కడ బిందుమాధవిని ఉతికేస్తన్నారు. అదే పేర్లిచ్చిందని. నేను పోయి చెప్పాలి."

"ఏమని చెబుతావు?"

"ఉన్నదే."

జాన్ బాషా గుమ్మానికి అడ్డంగా వచ్చాడు. కొట్టలేదు. అతను చెయ్యెత్తే మనిషి కాదు. ఆ ఒక్క సంగతి చెప్పి పదిహేడేళ్లు అందరూ ఆమెని అదృష్టవంతురాలన్నారు. "చూడు సఫూరా, ఆ మాట అక్కడ అన్నావంటే మళ్లీ ఈ గడప తొక్కబాక. ఊళ్లో తలెత్తుకు తిరగాల్సినోణ్ణి. కావాలంటే మా అమ్మ ఇచ్చిందని చెప్పు. ముసిల్దాన్ని ఎవరేం చేస్తారు?"

పెరట్లో చేట చప్పుడు ఆగింది.

సఫూరాకి అంతవరకూ భయం ఉంది. ఆ మాటతో భయం తెగిపోయింది. ఎవరి మీదకైనా నెట్టొచ్చు. పెళ్లాం మీదకి, తల్లి మీదకి, పాలు తాగే బిడ్డ తల్లి మీదకి. మొగుడి పేరు నోటివెంట రాకుండా కాపాడటానికి నలభై రెండు మంది ఆడవాళ్లు పొడుపు కథలు వేశారు. పలికితే ఎక్కడ ఆయుష్షు తరుగుతుందోనని. ఆ పేర్లవాళ్లు మాత్రం వీళ్ల పేర్లు మడిచి జేబులో పెట్టుకుపోయి గేటుకి అంటించి వచ్చారు.

"తప్పుకో" అంది.

తప్పుకోలేదు. ఆమె పెరట్లోంచి వెళ్లింది. దడి తలుపు అప్పటికే తీసి పట్టుకుని ఉంది జోహరాబీ. కోడలి మొహంలోకి చూడలేదు. తలుపు మాత్రం ఆమె దాటేదాకా వదల్లేదు.

* * *

టెంటు దగ్గరికి చేరేసరికి మూడూ పావు. పరిస్థితి ఆమె వెళ్లేటప్పటి కంటే ఎంతో పాడైంది. ఆదెయ్య బల్ల ముందు పదకొండు మంది వరస కట్టి ఉన్నారు. ఇద్దరి బొటనవేళ్లకి అప్పటికే ఇంకు ఉంది. ఒకామె మాత్రం ఇంకా బేరమాడుతోంది.

"ఏ సంఘంలోనూ లేనని రాశారు. మరి మా పొదుపు సంఘమో? అదీ మానెయ్యాలా? నేను లోను తీసుకోవాల!"

"నీ పొదుపుతో మాకేం పనమ్మా, వెయ్యి!"

టెంటు కింద బిందుమాధవి ఒక్కతే గుంజ పక్కన నిలబడి ఉంది. చుట్టూ నాలుగు మూరల దూరం వదిలేశారు. చంకలో బిడ్డ లేదు. రవికె తడిసి ఉంది.

"బిడ్డేదీ?" అంది సఫూరా, పక్కనున్న ఆమెతో.

"దాని మొగుడొచ్చి లాక్కుపోయాడు. ఆ నారాయణ ఎవడో తేలేదాకా ఇంటికి రావద్దన్నాడంట. పాలు తాగే బిడ్డమ్మా! ఏ వెధవ కొట్టాడో ఆ పేరు..."

పొద్దున నూటపది మంది నవ్విన నవ్వు అది. మధ్యాహ్నానికి ఒక ఆడదాన్ని మొగుడి దగ్గర లంజని చేసింది, తోటివాళ్ల దగ్గర దొంగని చేసింది. సఫూరా జనాన్ని తోసుకుంటూ మధ్యలోకి వెళ్లింది. బ్రాడీపేట నుంచి ఇమ్మానియేలు గారు వచ్చి ఉన్నారు. ఒళ్లో సంఘం పుస్తకం తెరిచి ఉంది. బిందుమాధవిని సంఘం నుంచి తీసేస్తూ తీర్మానం రాయమని సుబ్బరావమ్మ ఆయన మీద విరుచుకుపడుతోంది.

"రాయకండి సార్" అంది సఫూరా. "నారాయణని పుట్టించింది నేను."

ఇమ్మానియేలు గారు కలం ఆపారు.

ఆమె గబగబా చెప్పింది. శుక్రవారం, గుమ్మం, లక్ష్మీదేవి పెనిమిటి, మర్నాడు ఆఫీసులో దిద్దడం. "సార్, మీ రిజిస్టరులో పేర్లు అక్షరాల వరసలో ఉన్నాయి. గేటు మీద అట్లా లేవు. నా గుమ్మంలోకి ఎవరు ముందొచ్చారో ఆ వరసలో ఉన్నాయి. చూడకుండా చెబుతా వినండి." కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. సుబ్బరావమ్మ, మల్లేశ్వరి, కోటేశ్వరమ్మ... గేటు దగ్గర ఎవరో పరుగెత్తి కాగితం పక్కన నిలబడి "అవును... అవును... అదే... అదే!" అని అరుస్తున్నారు. పన్నెండో పేరు దగ్గర ఇమ్మానియేలు గారు చెయ్యెత్తి ఆపారు. ఆదెయ్య బల్ల ముందు వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి.

"అంటే కాయితం మీ ఇంటి నించి పోయింది" అన్నారాయన.

"అవును సార్. పోకుండా చూడాల్సింది నేనే. కాల్చెయ్యకుండా దాచుకున్నా. ఆ తప్పు నాది, రాసుకోండి. బిందుది కాదు. బిందు బిడ్డకి మూతి కాలబట్టే ఈ సంఘం పుట్టింది. మర్చిపోయారా పిన్నీ?"

సుబ్బరావమ్మ వెళ్లి బిందుమాధవి చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చి తన పక్కన కూలేసింది. ఆమె క్షమాపణ చెప్పే పద్ధతి అంతే. తర్వాత సఫూరా వైపు తిరిగింది.

"అయితే ఇచ్చిందెవరే? మీ అత్తేగా! ఆ ముసిల్దాని కళ్లల్లోనే ఉంది."

"అంతేలే, అత్తలంతే" అన్నారు నలుగురైదుగురు. అందరి గొంతుల్లోనూ పెద్ద బరువు దిగినట్టుంది. అత్త అయితే అందరికీ సుఖం. తిట్టుకోవచ్చు, ఇళ్లకి పోవచ్చు, ఎవరి కాపురమూ చెడదు.

"మా అత్త కాదు."

"మరి?"

హైవే మీద నుంచి ట్రాలీ ఆటో వచ్చి టెంటు పక్కన ఆగింది. జాన్ బాషా దిగాడు. పరుగెత్తుకు రాలేదు. ఆటో మీద చెయ్యి వేసుకుని నిలబడి, తల అడ్డంగా ఊపాడు, ఒక్కసారి, చిన్నగా. ఆ ఊపు ఆమెకు కొత్త కాదు. చుట్టాల ముందు, సంతలో, పుట్టింట్లో, ఎక్కడ ఆమె నోరు విప్పబోయినా అటువైపు నుంచి అదే వస్తుంది.

కొందరు అతన్ని చూశారు. చూసినవాళ్లకి అర్థమైంది. అర్థమైనవాళ్లు వెంటనే చూపులు నేల మీదకి దించుకున్నారు. ఎవరికీ ఏమీ తెలియనట్టే ఉండిపోవడానికి ఇంకా వీలుంది.

"ఎవరిస్తే ఏందమ్మా!" గేటు దగ్గర్నుంచి ఆదెయ్య అరిచాడు. "టైము అయిపోతంది. రండి, రండి!"

బల్ల ముందు వరస కదల్లేదు.

"పేరు చెప్పమ్మా" అన్నారు ఇమ్మానియేలు గారు, కలం పట్టుకుని. "పుస్తకంలో రాయాలి. ఇంట్లోవాళ్లు అని రాస్తే రేపు లేబరాఫీసులో నిలబడదు."

సఫూరా పెదాలు కదిలాయి. పదిహేడేళ్లు. ఏమండీ, ఇదిగో, మా ఆయన, మా అత్త కొడుకు... ఆ పేరు చుట్టూ ఎన్ని దారులు తొక్కిందో లెక్కలేదు గానీ ఆ పేరు మీద మాత్రం ఒక్కసారీ నాలుక పెట్టలేదు. కళ్లు పోతాయన్నారు, పోలేదు కదా అని ఎవరూ చూసి చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ పలికి చూడలేదు.

సుబ్బరావమ్మ ఆటో వైపు చూసింది. సఫూరా వైపు చూసింది. ఆమె మొహంలో గట్టిదనమంతా కరిగిపోయింది. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ఎప్పుడూ లేనంత మెల్లగా అంది.

"నువ్వనబాకే తల్లీ. పాపం నీకెందుకు? ఊరుకో, నేనంటాలే."

"వద్దు పిన్నీ" అంది సఫూరా. ఆటో వైపు తిరిగి, అతని కళ్లలోకి చూస్తూ, గేటు అవతల షెడ్డుదాకా వినపడేలా అంది.

"జాన్ బాషా! షేక్ జాన్ బాషా. నా మొగుడు."